పబ్లిక్ ఐపీ బ్లాక్‌కీ స్టాటిక్ రూట్లకీ మైక్రోటిక్ హెక్స్ ఎలా ఉంది?

మైక్రోటిక్ హెక్స్, మోడల్ పేరు ఆర్‌బీ750జీఆర్3. అరచేతిలో ఇమిడిపోయే ప్లాస్టిక్ డబ్బా. అయిదు గిగాబిట్ పోర్టులు ఉన్నాయి, వైఫై లేదు. ఇంట్లో వైఫై రూటర్‌కి బదులుగా కొందామనుకునేవాళ్లకి ఈ సమీక్షతో పెద్దగా పని ఉండదు. ఇంటర్నెట్ ప్రొవైడర్ దగ్గర ఒకటికి మించి పబ్లిక్ ఐపీలు (బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరగలిగే అడ్రస్‌లు) తీసుకున్నవాళ్లూ, లోపల రెండు మూడు నెట్‌వర్కులు పెట్టుకుని వాటి మధ్య స్టాటిక్ రూట్లు (ఏ నెట్‌వర్క్‌కి ఏ దారిలో పంపాలో చేత్తో రాసేవి) రాయాల్సినవాళ్లూ చదవాల్సింది ఇది.

తీర్పు ముందే చెప్పేస్తాను. ఈ పనికి ఇది చాలా మంచి రూటర్. అయితే డబ్బాలోంచి తీసేసరికి అందులో ఉండే కాన్ఫిగరేషన్, ఒకే ఒక్క ఐపీ ఉన్న ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాసింది. పబ్లిక్ బ్లాక్ పెట్టగానే అందులోని రెండు రూళ్లు అడ్డం పడతాయి. ఆ రెండూ ఏమిటో తెలియనివాళ్లు "అన్నీ సరిగ్గానే పెట్టాను, సర్వర్ బయటికి కనపడట్లేదు" అంటూ రోజులు పోగొట్టుకుంటారు. అందుకే ఈ సమీక్షలో హార్డ్‌వేర్ కంటే వాటి గురించే ఎక్కువ ఉంటుంది.

హార్డ్‌వేర్ సంగతి క్లుప్తంగా: మీడియాటెక్ ఎంటీ7621ఏ ప్రాసెసర్, 880 మెగాహెర్ట్జ్ వేగంతో రెండు కోర్లు, 256 ఎంబీ ర్యామ్, 16 ఎంబీ ఫ్లాష్. ఒక యూఎస్‌బీ పోర్టు, ఒక మైక్రోఎస్‌డీ స్లాట్. మొదటి పోర్టు నుంచి పాసివ్ పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంటు) ద్వారా కూడా కరెంటు ఇవ్వొచ్చు, 8 నుంచి 30 వోల్టుల దాకా. 48 వోల్టుల పాసివ్ ఇంజెక్టర్ మాత్రం దీనికి తగిలించకూడదు. లోపల నడిచేది రౌటర్‌ఓఎస్, లెవల్ 4 లైసెన్స్‌తో. అదే సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీ పెద్ద రూటర్లలోనూ నడుస్తుంది కాబట్టి రూటింగ్ విషయంలో చిన్న డబ్బా కదా అని దీంట్లో ఏదీ కోసెయ్యలేదు. ఇక్కడ చెప్పేవన్నీ రౌటర్‌ఓఎస్ 7కి వర్తిస్తాయి. 6లో కొన్ని మెనూలు వేరే చోట ఉంటాయి.

ఉదాహరణల్లో వాడిన 192.0.2, 198.51.100, 203.0.113 అంకెలతో మొదలయ్యే అడ్రస్‌లు ఆర్‌ఎఫ్‌సీ 5737 అనే ఇంటర్నెట్ పత్రం ఉదాహరణల కోసమే పక్కన పెట్టినవి. వాటి స్థానంలో మీ ప్రొవైడర్ ఇచ్చినవి వేసుకోండి.

ముందు ప్రొవైడర్‌ని అడగాల్సిన ప్రశ్న

రూటర్ ముట్టుకునే ముందే ఒక సంగతి తేలాలి. మీ బ్లాక్ నేరుగా లైన్ మీదే ఉందా, లేక వేరే లింక్ ఐపీ వెనక రూట్ చేసి ఇచ్చారా? రెంటికీ కాన్ఫిగరేషన్ పూర్తిగా వేరు. ప్రొవైడర్ పంపిన కాగితంలో "/29 బ్లాక్" (గీత తర్వాతి అంకె బ్లాక్ పరిమాణం చెబుతుంది: /29 అంటే ఎనిమిది అడ్రస్‌లు, /30 అంటే నాలుగు, /32 అంటే ఒక్కటే) అని మాత్రమే ఉంటే, ఫోన్ చేసి అడగడం తప్పదు.

మొదటి రకంలో 203.0.113.8/29 లాంటి బ్లాక్ ఇచ్చి, గేట్‌వే (బయటికి దారి చూపే రూటర్ అడ్రస్) 203.0.113.9 అంటారు. ఎనిమిది అడ్రస్‌లలో 8 నెట్‌వర్క్‌కీ, 15 బ్రాడ్‌కాస్ట్‌కీ, 9 ప్రొవైడర్ గేట్‌వేకీ పోతాయి. మీకు మిగిలేవి 10 నుంచి 14 దాకా అయిదు. ప్రొవైడర్ రూటర్ ఈ అయిదింటిలో దేనికి ప్యాకెట్ వచ్చినా "ఈ ఐపీ ఎవరిది" అని లైన్ మీద ఏఆర్‌పీ అనే పద్ధతిలో అడుగుతుంది. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. చెప్పకపోతే ప్యాకెట్ అక్కడే పోతుంది.

రెండో రకంలో రెండు వివరాలు ఇస్తారు. లింక్ కోసం 192.0.2.0/30, అందులో వాళ్లది 192.0.2.1, మీది 192.0.2.2. దాంతోపాటు 198.51.100.16/29 బ్లాక్. ఆ బ్లాక్‌కి వచ్చే ప్రతి ప్యాకెట్టూ వాళ్ల రూటర్ ఏఆర్‌పీ అడగకుండా నేరుగా 192.0.2.2కి పంపేస్తుంది. సర్వర్లు నడిపేవాళ్లకి ఇదే మేలు. అడిగితే ఇస్తారంటే దీన్నే అడగండి. సర్వర్ మీదే పబ్లిక్ ఐపీ పెట్టొచ్చు, నాట్ (దారిలో రూటర్ ప్యాకెట్ అడ్రస్‌లు మార్చడం) అక్కర్లేదు. నాట్ ద్వారానే వాడదలిస్తే ఎనిమిదికి ఎనిమిదీ వాడుకోవచ్చు, నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్ అంటూ రెండు వదిలెయ్యక్కర్లేదు.

ఇవి రెండూ కాకుండా పీపీపీఓఈలో (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లైన్ కలిపే పద్ధతి) ఒక స్టాటిక్ ఐపీ వచ్చి, దాని వెనక బ్లాక్ రూట్ చేసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అది రెండో రకం కిందికే వస్తుంది. కొందరు లింక్‌కి /30 బదులు /31 ఇస్తారు. హెక్స్‌లో అప్పుడు మీ ఐపీని /32గా వేసి, నెట్‌వర్క్ గడిలో అవతలివాళ్ల ఐపీ రాస్తే సరిపోతుంది.

వాన్ పోర్టుకి (ప్రొవైడర్ లైన్ తగిలేది, ఇక్కడ మొదటి పోర్టు) వచ్చిన అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అసలు మీకు పబ్లిక్ ఐపీ రాలేదన్నట్టే. ఆ శ్రేణి ప్రొవైడర్ తన సొంత నాట్ కోసం వాడుకునేది. అక్కడ ఏ రూటర్ పెట్టినా బయటి నుంచి మీ దగ్గరికి దారి ఉండదు.

మొదటి అరగంట

కంప్యూటర్‌ని రెండో పోర్టుకి తగిలించి విన్‌బాక్స్ (రూటర్‌ని అమర్చడానికి మైక్రోటిక్ ఇచ్చే ప్రోగ్రామ్) తెరవండి. విన్‌బాక్స్ 4 లినక్స్‌లోనూ, ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లలోనూ నడుస్తుంది. రూటర్ అడ్రస్ 192.168.88.1. కొత్త యూనిట్లలో పాస్‌వర్డ్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. విన్‌బాక్స్‌లో బాగా నచ్చే సంగతి ఏమిటంటే, ఐపీ అంతా చెడిపోయినా మ్యాక్ అడ్రస్ (పోర్టుకి తయారీలోనే ఇచ్చే హార్డ్‌వేర్ అడ్రస్) పట్టుకుని లోపలికి వెళ్లొచ్చు. స్టాటిక్ ఐపీలు మార్చేటప్పుడు తలుపు మూసుకుపోవడం చాలా మామూలు. ఈ ఒక్క సదుపాయం ఎంతో శ్రమ తప్పిస్తుంది.

దూరం నుంచి పని చేస్తుంటే సేఫ్ మోడ్ బటన్ నొక్కకుండా ఏ మార్పూ చెయ్యకండి. సేఫ్ మోడ్‌లో ఉండగా కనెక్షన్ తెగితే అప్పటిదాకా చేసిన మార్పులన్నీ వెనక్కి పోతాయి. వెంటనే కాదు, కనెక్షన్ పోయిందని రూటర్ గుర్తించడానికి తొమ్మిది నిమిషాల దాకా పట్టొచ్చు. కంగారుపడి ఈలోగా కరెంటు తీయించకుండా ఆగాలి. ఇంకో పరిమితి కూడా ఉంది. రూటర్ చరిత్రలో వంద మార్పులే నిలుస్తాయి. అంతకు మించితే సేఫ్ మోడ్ తనంతట తనే ఆగిపోతుంది, ఏదీ వెనక్కి రాదు. పెద్ద స్క్రిప్ట్ ఒకేసారి అతికించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మొదటి పోర్టు మీద డీహెచ్‌సీపీ క్లయింట్ (ఐపీని తనంతట అడిగి తెచ్చుకునేది) ఉంటుంది. దాన్ని ఆపేయండి. ఐపీ మెనూలో అడ్రసెస్‌కి వెళ్లి 203.0.113.10/29 అని వేసి, ఇంటర్‌ఫేస్‌గా మొదటి పోర్టు ఎంచుకోండి. ఇక్కడ రెండు తప్పులు పదేపదే జరుగుతాయి. ఒకటి, /29 రాయడం మరిచిపోవడం. రాయకపోతే రూటర్ దాన్ని /32గా తీసుకుంటుంది. గేట్‌వే దానికి పక్కింటిది కాకుండా పోతుంది, డిఫాల్ట్ రూట్ (వేరే రూట్ లేని అన్ని గమ్యాలకీ వాడే దారి) యాక్టివ్ కాదు. రెండోది ఇంకా మోసపుచ్చేది. ఉన్న అడ్రస్ తెరిచి ఐపీ మార్చితే, కింద ఉన్న నెట్‌వర్క్ గడిలో పాత విలువ అలాగే ఉండిపోతుంది. పైన చూస్తే అంతా సరిగ్గా కనిపిస్తుంది, లైన్ మాత్రం పనిచెయ్యదు. అడ్రస్ మార్చినప్పుడల్లా ఆ నెట్‌వర్క్ గడిని ఖాళీ చేసి అప్లై నొక్కాలి, అప్పుడు అదే లెక్కగట్టుకుంటుంది.

తర్వాత ఐపీ మెనూలో రూట్స్. కొత్త రూట్, డెస్టినేషన్ 0.0.0.0/0 (ఇదే డిఫాల్ట్ రూట్), గేట్‌వే 203.0.113.9. గేట్‌వే గడిలో పోర్టు పేరు ఎంచుకోవడానికి కూడా వీలుంటుంది. పీపీపీఓఈ లాంటి లింక్‌కి అది సరే. ఈథర్‌నెట్ పోర్టుకి అలా చేస్తే రూటర్ ఇంటర్నెట్‌లోని ప్రతి అడ్రస్ కోసం లైన్ మీద ఏఆర్‌పీ అడుగుతుంది. ప్రొవైడర్ వైపు ప్రాక్సీ ఏఆర్‌పీ (ఇతరుల తరఫున జవాబు చెప్పడం) ఉంటే కొంతకాలం పనిచేస్తున్నట్టే ఉండి, ఏఆర్‌పీ పట్టిక నిండేకొద్దీ కుంటుతుంది. గేట్‌వే గడిలో ఐపీయే రాయండి.

రూట్ పక్కన జెండాలు చూడటం అలవాటు చేసుకోవాలి. 'ఏ' ఉంటే యాక్టివ్, 'ఎస్' అంటే స్టాటిక్, 'సీ' అంటే పోర్టుకి నేరుగా తగిలిన నెట్‌వర్క్, 'డీ' అంటే తనంతట వచ్చినది. మీరు రాసిన రూట్ పక్కన 'ఏ' లేకపోతే దాన్ని రూటర్ వాడట్లేదు. గేట్‌వే ఏ నెట్‌వర్క్‌లోనూ దొరక్కపోవడమో, అదే గమ్యానికి ఇంకో రూట్ తక్కువ డిస్టెన్స్‌తో (ప్రాధాన్యపు అంకె, తక్కువున్నదే గెలుస్తుంది) ఉండటమో కారణం. డీహెచ్‌సీపీ క్లయింట్ ఆపకుండా స్టాటిక్ రూట్ వేసినప్పుడు వచ్చే గందరగోళం చాలాసార్లు ఇదే.

పాత రూటర్ తీసి హెక్స్ పెట్టగానే నెట్ రాకపోతే వెంటనే దీన్ని నిందించకండి. ప్రొవైడర్ రూటర్ ఏఆర్‌పీ పట్టికలో మీ ఐపీలకి ఎదురుగా పాత మ్యాక్ ఉండిపోతుంది. సిస్కో రూటర్లలో ఆ గడువు మామూలుగా నాలుగు గంటలు. గేట్‌వేతో మాట్లాడే మొదటి ఐపీ త్వరగా కోలుకుని, మిగతా నాలుగూ చచ్చినట్టు పడి ఉండటం దీని గుర్తు. ప్రొవైడర్‌కి ఫోన్ చేసి ఏఆర్‌పీ క్లియర్ చెయ్యమనండి, లేదా హెక్స్ మొదటి పోర్టుకి పాత రూటర్ మ్యాక్ అడ్రస్ పెట్టండి.

లైన్ మీదే ఉన్న బ్లాక్

మిగతా నాలుగు ఐపీలు 203.0.113.11 నుంచి 14 దాకా మొదటి పోర్టు మీదే కలపాలి. వీటిని /32గా వేస్తే శుభ్రంగా ఉంటుంది. అన్నీ /29గా వేసినా పనిచేస్తుంది కానీ, ఒకే నెట్‌వర్క్‌కి అయిదు అడ్రస్‌లు అయ్యేసరికి మాస్కరేడ్ (లోపలివాళ్ల ఐపీని రూటర్ ఐపీగా మార్చే నాట్) ఏ ఐపీతో బయటికి పంపుతుందో మీ అదుపులో ఉండదు. మెయిల్ సర్వర్ ఉన్నవాళ్లకి ఇది నేరుగా దెబ్బ. రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ నుంచి పేరు చెప్పే రికార్డు) ఒక ఐపీకి రాయించుకుని, మెయిల్ ఇంకో ఐపీ నుంచి వెళ్తే అవతలి సర్వర్లు తిరగ్గొడతాయి.

అందుకని నాట్ పట్టికలో, ఉన్న మాస్కరేడ్ రూల్‌కి పైన, ఒక్కో సర్వర్‌కీ ఒక సోర్స్ నాట్ (పంపేవాడి ఐపీని మార్చే) రూల్ వెయ్యండి. సోర్స్ 192.168.88.11, బయటికి వెళ్లేది మొదటి పోర్టు, కొత్త సోర్స్ 203.0.113.11. రూళ్లని రూటర్ పై నుంచి కిందికి చదువుతుంది, మొదట సరిపోయినదే అమలవుతుంది. కింద వేస్తే మాస్కరేడ్ ముందే పట్టేసుకుంటుంది. తర్వాత డెస్టినేషన్ నాట్ (గమ్యం ఐపీని మార్చే) రూల్: గమ్యం 203.0.113.11, టీసీపీ, పోర్టు 443 (ఇది కేబుల్ తగిలించే పోర్టు కాదు, సేవకి ఉండే అంకె), కొత్త గమ్యం 192.168.88.11. ప్రోటోకాల్, పోర్టు రాయకుండా వదిలేస్తే ఆ సర్వర్‌లోని ప్రతి పోర్టూ ఇంటర్నెట్‌కి తెరుచుకుంటుంది. ఒకటికొకటి నాట్ అంటే అదే కదా అనుకుని చాలామంది అలా వదిలేస్తారు. అలా చెయ్యకండి, అవసరమైన పోర్టులే రాయండి.

లోపలి కంప్యూటర్లు కూడా పబ్లిక్ పేరుతోనే సర్వర్‌ని తెరవాలంటే, డెస్టినేషన్ నాట్ రూల్‌లో ప్యాకెట్ వచ్చే ఇంటర్‌ఫేస్ గడి ఖాళీగా వదిలి గమ్యం ఐపీ, పైన చెప్పిన టీసీపీ పోర్టు మాత్రమే రాయాలి. దాంతోపాటు సోర్స్ 192.168.88.0/24, గమ్యం 192.168.88.11 ఉన్న ప్యాకెట్లకి ఇంకో మాస్కరేడ్ రూల్ కావాలి. లేకపోతే సర్వర్ జవాబు రూటర్ దాకా రాకుండా నేరుగా కంప్యూటర్‌కి వెళ్తుంది. తను అడిగింది ఒకర్ని, జవాబిస్తున్నది ఇంకొకరు కాబట్టి కంప్యూటర్ దాన్ని పారేస్తుంది.

రూట్ చేసి ఇచ్చిన బ్లాక్, అడ్డం పడే రెండు రూళ్లు

హెక్స్ బలం కనపడేది ఇక్కడే. అయిదో పోర్టుని బ్రిడ్జ్‌లోంచి (లోపలి పోర్టులన్నిటినీ ఒకే నెట్‌వర్క్‌గా కలిపేది) తీసి, దానికి 198.51.100.17/29 ఇవ్వండి. సర్వర్లకి 18 నుంచి 22 దాకా, గేట్‌వే 198.51.100.17. మొదటి పోర్టు మీద 192.0.2.2/30, డిఫాల్ట్ రూట్ 192.0.2.1కి. రూటింగ్ అంతే, ఇంకో స్టాటిక్ రూట్ అక్కర్లేదు. అయినా పనిచెయ్యదు. ఎందుకో చూద్దాం.

మొదటి రూల్ నాట్ పట్టికలోది. వాన్ జాబితాలోని పోర్టు నుంచి బయటికి వెళ్లే ప్రతిదాన్నీ మాస్కరేడ్ చెయ్యమని ఉంటుంది. సోర్స్ ఏమిటని చూడదు. కాబట్టి 198.51.100.18 సర్వర్ బయటికి వెళ్తే దాని ఐపీ 192.0.2.2గా మారిపోతుంది. సర్వర్‌లో "నా ఐపీ ఎంత" అని చూస్తే లింక్ ఐపీ కనిపిస్తుంది. మందు సులువే. ఆ రూల్‌లో సోర్స్ అడ్రస్‌గా 192.168.88.0/24 రాయండి, లేదా దాని పైన బ్లాక్‌కి అంగీకరించే రూల్ ఒకటి పెట్టండి. మొదటిదే మేలు. ఏది నాట్ అవుతుందో రూల్‌లోనే కనిపిస్తుంది.

రెండో రూల్ ఫైర్‌వాల్ ఫార్వర్డ్ చెయిన్ (రూటర్ గుండా వెళ్లే ప్యాకెట్ల రూళ్లు) చివర ఉంటుంది. వాన్ నుంచి వచ్చిన కొత్త కనెక్షన్ డెస్టినేషన్ నాట్ అయి ఉండకపోతే పడేయమంటుంది. ఇంటికి అది చక్కటి రక్షణ. మీ సర్వర్‌కి నాట్ లేదు కాబట్టి బయటి నుంచి వచ్చే ప్రతి కనెక్షనూ ఇక్కడే చచ్చిపోతుంది. సర్వర్ నుంచి బయటికి అన్నీ వెళ్తాయి, బయటి నుంచి లోపలికి ఏదీ రాదు, పింగ్ కూడా రాదు. ఈ లక్షణం కనపడితే ఇంకేదీ వెతక్కండి. ఆ రూల్‌ని తీసెయ్యొద్దు. దానికి పైన, గమ్యం 198.51.100.18, టీసీపీ 443 లాంటి అనుమతి రూళ్లు ఒక్కో సేవకీ రాయండి. పింగ్ కావాలంటే ఐసీఎంపీకి (పింగ్ వాడే ప్రోటోకాల్) ఒకటి. పాత్ ఎంటీయూ (దారిలో పట్టే పెద్ద ప్యాకెట్ సైజు) సరిగ్గా తెలియడానికి కూడా ఐసీఎంపీ అవసరం.

ఇదే డిఫాల్ట్ కాన్ఫిగరేషన్‌లో ఇంకో లోపం ఉంది, ఇది భద్రతకి సంబంధించినది. ఫార్వర్డ్ చెయిన్ పడేసేది వాన్ నుంచి వచ్చినవాటిని మాత్రమే. అయిదో పోర్టు వాన్ జాబితాలో లేదు, కాబట్టి అక్కడి సర్వర్లు మీ లోపలి 192.168.88.0/24కి స్వేచ్ఛగా వెళ్లగలవు. ఇంటర్నెట్‌కి ఎదురుగా నిలబడ్డ సర్వర్ ఒకటి చెడితే లోపలి నెట్‌వర్క్ అంతా దాని చేతికి చిక్కుతుంది. అయిదో పోర్టు నుంచి బ్రిడ్జ్‌కి వెళ్లే కొత్త కనెక్షన్లు పడేసే రూల్ తప్పకుండా రాయండి. మరోపక్క ఇన్‌పుట్ చెయిన్ (రూటర్‌కే వచ్చే ప్యాకెట్ల రూళ్లు) లాన్ జాబితాలో, అంటే లోపలి పోర్టుల జాబితాలో, లేనివాళ్లందర్నీ ఆపేస్తుంది, ఐసీఎంపీని మాత్రం ఒప్పుకుంటుంది. అందుకే సర్వర్ నుంచి గేట్‌వేకి పింగ్ బాగానే వస్తుంది, అదే గేట్‌వేని డీఎన్‌ఎస్‌గా పెడితే పేర్లు తెరుచుకోవు. సర్వర్లకి బయటి డీఎన్‌ఎస్ ఇవ్వడం తేలిక. అయిదో పోర్టుని లాన్ జాబితాలో పడేసి పని అయిందనుకోవడం తప్పు, రూటర్ నిర్వహణ పేజీ కూడా సర్వర్లకి తెరుచుకుంటుంది.

చివరగా ఒక బ్లాక్‌హోల్ రూట్, అంటే ప్యాకెట్లని అక్కడికక్కడే పారేసే రూట్. అయిదో పోర్టు కేబుల్ ఊడితే 198.51.100.16/29 రూట్ పట్టికలోంచి మాయమవుతుంది. అప్పుడు ఆ బ్లాక్‌కి వచ్చిన ప్యాకెట్ డిఫాల్ట్ రూట్ పట్టుకుని ప్రొవైడర్‌కే తిరిగి వెళ్తుంది. వాళ్లు మళ్లీ మీకే పంపుతారు. టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రూటర్లు దాటొచ్చో చెప్పే లెక్క) అయిపోయేదాకా బంతిలా అటూ ఇటూ తిరుగుతుంది. ఎవరైనా ఆ బ్లాక్‌ని స్కాన్ చేస్తే లైన్ నిండిపోతుంది. అదే గమ్యంతో కొత్త రూట్ వేసి, బ్లాక్‌హోల్ టిక్ పెట్టి, డిస్టెన్స్ 254 ఇవ్వండి. పోర్టు బతికి ఉన్నంతసేపు దాని డిస్టెన్స్ 0 కాబట్టి అదే గెలుస్తుంది. బ్లాక్‌లో కొన్ని ఐపీలే /32గా నాట్‌కి వాడేవాళ్లకి ఈ రూట్ మరీ అవసరం, వాడని ఐపీలు ఎప్పుడూ ఇలా తిరుగుతూనే ఉంటాయి.

లోపలి స్టాటిక్ రూట్లు

లోపల లేయర్ 3 స్విచ్ (రూటింగ్ కూడా చేసే స్విచ్) ఉండి, దాని వెనక 10.20.0.0/16 నెట్‌వర్కులు ఉన్నాయనుకోండి. హెక్స్‌లో గమ్యం 10.20.0.0/16, గేట్‌వే స్విచ్ ఐపీ. స్విచ్‌లో డిఫాల్ట్ రూట్ హెక్స్‌కి. వెళ్లే దారి రాసి వచ్చే దారి మరిచిపోవడం స్టాటిక్ రూటింగ్‌లో అందరికీ తెలిసిన తప్పు. పింగే రాదు కాబట్టి అది త్వరగానే పట్టుబడుతుంది.

పట్టుబడనిది వేరే ఉంది. స్విచ్‌ని కూడా 192.168.88.2 అని, కంప్యూటర్లున్న నెట్‌వర్క్‌లోనే పెట్టారనుకోండి. 192.168.88.50 కంప్యూటర్ 10.20.1.5కి వెళ్లాలి. దాని గేట్‌వే హెక్స్ కాబట్టి ప్యాకెట్ హెక్స్‌కి వస్తుంది, అక్కడి నుంచి స్విచ్‌కి. జవాబు మాత్రం స్విచ్ నుంచి నేరుగా కంప్యూటర్‌కి వెళ్తుంది, రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి కదా. హెక్స్‌కి సంభాషణలో సగమే వినిపిస్తుంది. టీసీపీ కనెక్షన్ సిన్, సిన్-యాక్, యాక్ అనే మూడు ప్యాకెట్లతో మొదలవుతుంది. హెక్స్ మొదటి సిన్ చూసింది, సిన్-యాక్ చూడలేదు, ఇంతలో యాక్ వచ్చింది. కనెక్షన్ ట్రాకింగ్ (ఏ కనెక్షన్ ఏ దశలో ఉందో గుర్తుంచుకునే భాగం) దాన్ని ఇన్‌వాలిడ్ అంటుంది, ఫైర్‌వాల్ పడేస్తుంది. పింగ్ వస్తుంది, వెబ్ పేజీ తెరుచుకోదు. ఇన్‌వాలిడ్ రూల్ పక్కనున్న ప్యాకెట్ల లెక్క పెరుగుతుంటే ఇదే జబ్బు.

దీనికి కొందరు ఆ రూల్‌నే ఆపేస్తారు. అది మందు కాదు. అసలు మందు: హెక్స్‌కీ స్విచ్‌కీ మధ్య విడిగా ఒక వీల్యాన్ (అదే కేబుల్ మీద వేరుగా నడిచే నెట్‌వర్క్), అందులో 10.255.0.0/30. హెక్స్ 10.255.0.1, స్విచ్ 10.255.0.2. రూట్ గేట్‌వే 10.255.0.2. అప్పుడు రెండు వైపులా దారి హెక్స్ మీదుగానే పోతుంది. ఆ వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌ని లాన్ జాబితాలో చేర్చడం మరిచిపోకండి. ఇంతకు ముందు మాస్కరేడ్ రూల్‌కి సోర్స్ అడ్రస్ పెట్టాం కాబట్టి, 10.20.0.0/16కి కూడా ఇప్పుడు ఒక మాస్కరేడ్ రూల్ కావాలి. అది లేకపోతే లోపల అన్నీ పనిచేసి ఇంటర్నెట్ ఒక్కటే రాదు.

రెండు లైన్లు ఉంటే

రెండు డిఫాల్ట్ రూట్లు, ఒకటి డిస్టెన్స్ 1, ఇంకొకటి 2, మొదటిదానికి చెక్ గేట్‌వే పింగ్. పది సెకన్ల చొప్పున రెండుసార్లు జవాబు రాకపోతే రూట్ పడిపోతుంది, అంటే దాదాపు ఇరవై సెకన్లలో రెండో లైన్‌కి మారుతుంది. కానీ ప్రొవైడర్ గేట్‌వే బతికే ఉండి, దాని అవతల తెగితే ఇది పట్టుకోలేదు. దానికి రికర్సివ్ రూట్ (గేట్‌వేకి దారిని ఇంకో రూట్ ద్వారా వెతికేది) వాడాలి. గూగుల్ డీఎన్‌ఎస్ సర్వర్ 8.8.8.8/32కి మొదటి ప్రొవైడర్ గేట్‌వే మీదుగా రూట్, స్కోప్ 10. డిఫాల్ట్ రూట్ గేట్‌వేగా 8.8.8.8, టార్గెట్ స్కోప్ 11, చెక్ గేట్‌వే పింగ్. రౌటర్‌ఓఎస్ 6 నాటి పాఠాల్లో టార్గెట్ స్కోప్ 10 అని ఉంటుంది, 7లో అలా వేస్తే రూట్ యాక్టివ్ కాదు. ఇలా వాడిన 8.8.8.8ని కంప్యూటర్లకి డీఎన్‌ఎస్‌గా ఇవ్వకండి. మొదటి లైన్ తెగితే ఆ అడ్రస్‌కి దారి ఉండదు.

లైన్ మారినా పాత కనెక్షన్లు పాత ఐపీనే పట్టుకుని ఉంటాయి. పోర్టు పూర్తిగా డౌన్ అయితే మాస్కరేడ్ వాటిని చెరిపేస్తుంది, సోర్స్ నాట్ చెరపదు. రూట్ మాత్రమే మారినప్పుడు రెండూ చెరపవు. ఐపీ ఫోన్లు మూగబోవడం ఎక్కువగా దీనివల్లే. కనెక్షన్ల పట్టికలో ఆ ఫోన్ల ఎంట్రీలు తీసేస్తే మళ్లీ కలుస్తాయి.

మొదటి ప్రొవైడర్ ఇచ్చిన పబ్లిక్ బ్లాక్ రెండో ప్రొవైడర్ లైన్ మీద పనిచేస్తుందని ఆశపడకండి. తన బ్లాక్ కాని సోర్స్ ఐపీని సరైన ప్రొవైడర్ వడకట్టేస్తాడు. ఆ బ్లాక్ ఎప్పుడూ మొదటి ప్రొవైడర్ లైన్‌లోనే వెళ్లేలా, రూటింగ్ మెనూలో కొత్త టేబుల్ చేసి, ఫిబ్ (ప్యాకెట్లు పంపడానికి నిజంగా వాడే పట్టిక) టిక్ పెట్టి, అందులో మొదటి ప్రొవైడర్ డిఫాల్ట్ రూట్ వెయ్యండి. ఆపైన రూటింగ్ రూల్స్‌లో సోర్స్ 198.51.100.16/29 అయితే ఆ టేబుల్ చూడమని రాయండి. దానికంటే ముందు, లోపలి గమ్యాలకి మెయిన్ టేబుల్ చూడమనే రూల్ ఉండాలి, లేకపోతే లోపలికి వెళ్లాల్సిన జవాబులు కూడా ప్రొవైడర్ దారి పడతాయి. ఫిబ్ టిక్ మరిచిపోతే టేబుల్ ఉన్నట్టే కనిపిస్తుంది, ప్యాకెట్లకి మాత్రం దాంతో పనే ఉండదు.

రెండు లైన్ల మీదా నాట్ ద్వారా సర్వర్ తెరిస్తే మాంగిల్‌లో (ప్యాకెట్లకి గుర్తులు వేసే పట్టిక) కనెక్షన్ మార్క్, రూటింగ్ మార్క్ వెయ్యాలి. అప్పుడు ఫాస్ట్‌ట్రాక్ (వేగం కోసం ప్యాకెట్లని కొన్ని దశలు దాటించేసేది) రూల్‌లో కనెక్షన్ మార్క్ లేనివాటికి మాత్రమే అని షరతు పెట్టండి. ఫాస్ట్‌ట్రాక్ మాంగిల్‌ని దాటేసి పోతుంది. పేజీ మొదలై మధ్యలో ఆగిపోవడం దాని గుర్తు. ఐపీ సెట్టింగ్స్‌లో ఆర్‌పీ ఫిల్టర్ (ప్యాకెట్ సరైన దారిలోనే వచ్చిందా అని చూసేది) స్ట్రిక్ట్‌గా ఉంటే రెండో లైన్‌లో వచ్చినవి రూటింగ్ దగ్గరే పోతాయి, లూజ్‌కి మార్చండి.

నచ్చనివి

16 ఎంబీ ఫ్లాష్ చాలా ఇరుకు. అదనపు ప్యాకేజీలు వేసుకుంటే అప్‌గ్రేడ్ సమయంలో చోటు చాలదు. 2024లో వచ్చిన హెక్స్ రిఫ్రెష్‌లో ఆర్మ్ ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, 128 ఎంబీ ఫ్లాష్ ఉన్నాయి. కొత్తగా కొనేవాళ్లు అదే తీసుకోవాలి, ఇక్కడ చెప్పిన కాన్ఫిగరేషన్ దానికీ సరిపోతుంది. ఫాస్ట్‌ట్రాక్ ఉన్నంతసేపు పాత హెక్స్ వేగంగానే ఉంటుంది. రూటింగ్ మార్కులు, క్యూలు (వేగ పరిమితులు) పెట్టి దాన్ని ఆపితే ప్రాసెసర్ మీద భారం స్పష్టంగా కనిపిస్తుంది. గిగాబిట్ లైన్ మీద అలాంటి అమరిక కావాలంటే పెద్ద మోడల్ చూడండి.

పబ్లిక్ ఐపీ పెట్టాక విన్‌బాక్స్ 8291 పోర్టు బయటికి తెరిచి ఉంచకండి. 2018లో బయటపడ్డ విన్‌బాక్స్ లోపంతో పాస్‌వర్డ్‌లే చదవగలిగారు. ఐపీ సర్వీసెస్‌లో టెల్నెట్, ఎఫ్‌టీపీ, ఏపీఐ ఆపేసి, మిగిలినవాటికి లోపలి నెట్‌వర్క్ నుంచే అనుమతి ఇవ్వండి.

ఇదే ప్రాసెసర్ కుటుంబంతో వచ్చిన యుబిక్విటీ ఎడ్జ్‌రూటర్ ఎక్స్‌లో ఒక మంచి సదుపాయం ఉంది. మార్పు చేశాక చెప్పిన సమయంలోగా ఖాయం చెయ్యకపోతే రూటర్ తనే రీబూట్ అయి పాత స్థితికి వెళ్తుంది. దూరం నుంచి పనిచేసేవాళ్లకి సేఫ్ మోడ్ కంటే అది ధైర్యం. కానీ టార్చ్ (పోర్టు మీద అప్పుడు నడుస్తున్న ట్రాఫిక్ చూపేది), ప్యాకెట్ స్నిఫర్ (ప్యాకెట్లని పట్టి చూపేది) లాంటి పరికరాలు ఒక్క క్లిక్కులో అందుబాటులో ఉండటంలో హెక్స్‌దే పైచేయి. మొదటి పోర్టు మీద టార్చ్ పెట్టి 198.51.100.18 అని వడకడితే, ప్యాకెట్ అసలు మీదాకా వస్తోందా లేదా ఒక్క నిమిషంలో తేలిపోతుంది. వస్తుంటే తప్పు మీ రూళ్లలో, రాకపోతే ప్రొవైడర్ రూట్‌లో.

పని అయ్యాక బ్యాకప్ రెండు రకాలుగా తీసుకోండి. బైనరీ బ్యాకప్ ఇదే యూనిట్‌లో తిరిగి ఎక్కించడానికి. ఎక్స్‌పోర్ట్ ఫైల్ టెక్స్ట్‌లో ఉంటుంది, చదువుకోవచ్చు, కొత్త యూనిట్‌కి మార్చుకోవచ్చు. ఎక్స్‌పోర్ట్‌లో మామూలుగా పాస్‌వర్డ్‌లు ఉండవు కాబట్టి పీపీపీఓఈ వివరాలు విడిగా రాసిపెట్టుకోండి. ఫైళ్లు రెండూ రూటర్‌లోనే వదిలెయ్యకుండా కంప్యూటర్‌లోకి దించుకోండి.